30 గుంటల ఎర్ర చెల్క: పిట్టలూ సీతాకోకలూ వచ్చేట్టు మన నేల చెట్లు ఏవి పెట్టాలి?

చెల్కతోట:

సంగారెడ్డి వైపు 30 గుంటల స్థలం. దాదాపు చదరం, ఒక్కో పక్క 55 మీటర్లు. పైన అడుగున్నర ఎర్రమట్టి, దాని కింద మొరం. ఈశాన్యం మూల పల్లం. అక్కడ మట్టి నల్లగా ఉంటుంది, వానాకాలం రెండు మూడు వారాలు నీళ్ళు నిలుస్తాయి. బోరు ఇంచు నీళ్ళు పోస్తుంది, ఎండాకాలం అదీ తగ్గుతుంది. దక్షిణపు గట్టు వెంట కరెంటు లైను ఉంది. నడిమధ్యన రెండు గదుల ఇల్లు కడతాం.

ఇప్పుడున్నవి: పెద్ద వేపలు రెండు, చింత ఒకటి, పడమటి గట్టు నిండా సర్కారు తుమ్మ, రోడ్డు వైపు వెంచరు వాళ్ళు నాటిన కోనోకార్పస్ ఒక నలభై.

కలప ఆదాయం అక్కర్లేదు, పండ్లతోటా అక్కర్లేదు. పిట్టలు, సీతాకోకలు ఏడాదంతా ఉండాలి, చూడ్డానికీ బాగుండాలి. నర్సరీలో అడిగితే పచ్చతురాయి, టబూబియా, ఫాక్స్‌టెయిల్ పామ్ చూపిస్తున్నారు. ఇక్కడి నేలకు సహజమైన చెట్లు ఏవి, ఎన్ని, ఎంత ఎడంతో పెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పగలరా? కంచె కూడా మొక్కలతోనే వేద్దామని ఉంది.

---

మోదుగుబాట:

చెట్ల జాబితా కంటే ముందు నెలల పట్టీ రాసుకోండి. పిట్టకు పన్నెండు నెలలూ ఆకలే. చెట్టు మాత్రం రెండు నెలలు పెట్టి చేతులు దులుపుకుంటుంది. అందుకని అందమైన చెట్లు పది కొనడం కాదు, ఏ నెలా ఖాళీ పోకుండా చూసుకోవడమే అసలు పని.

మీ నేలలో ఆ పట్టీ ఇలా నిండుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ, ఎర్రపూల బూరుగ. ఆకంతా రాల్చేసి పూస్తాయి, తేనెపిట్టలు, గోరింకలు, చిలకలు, కాకులు అన్నీ వాటి మీదే ఉంటాయి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, వేపపూత, కానుగపూత. ఇప్పకు రాత్రిపూట గబ్బిలాలు వస్తాయి, వద్దనుకునేవాళ్ళు ఇంటికి దూరంగా పెట్టుకోవాలి. ఏప్రిల్, మేలో రేల, అంకుడు. జూన్‌లో నేరేడు పండ్లు, వేపపండ్లు. వానాకాలంలో వాక్కాయ. సెప్టెంబరు నుంచి తంగేడు పువ్వు. చలికాలం రేగుపండ్లు.

మధ్యలో ఆగస్టు, నవంబరు లాంటి నెలల్లో పండు తక్కువ. ఆ ఖాళీని పూడ్చేది మేడి, మర్రి, రావి, జువ్వి కుటుంబమే. వీటిలో ఒక్కో జాతికి ఒక్కో ప్రత్యేకమైన చిన్న కందిరీగ ఉంటుంది. కాయ లోపల పూలకు అదే పరాగ సంపర్కం చేస్తుంది, ఆ కాయలోనే దాని సంతానం పెరుగుతుంది. ఆ కందిరీగల వంశం ఆగకూడదంటే చుట్టుపక్కల ఏదో ఒక చెట్టుకు ఎప్పుడూ కాయ ఉండాలి. అందుకే ఈ చెట్లన్నీ ఒకే నెలలో కాయవు. కోకిల, కంసాలిపిట్ట, పికిలిపిట్ట ఏడాదంతా వీటిని నమ్ముకునేది ఇందుకే.

లెక్క: 30 గుంటలంటే సుమారు 3,000 చదరపు మీటర్లు. సగం నేలకే చెట్లు చాలు, మిగతాది ఎండ పడే ఖాళీగా వదలండి. సీతాకోకకు ఎండ కావాలి, పాలపిట్టకు కిందికి దూకి పురుగు పట్టుకునేందుకు ఖాళీ నేల కావాలి. చెట్టుకు చెట్టుకు 6 మీటర్లు అనుకుంటే 1,500 చదరపు మీటర్లలో 40 చెట్లు పడతాయి. మోదుగ, రేల, కానుగ, అంకుడు, ఆరె నాలుగేసి. జమ్మి, నేరేడు మూడేసి. ఇప్ప, మారేడు, వెలగ, ఏరుమద్ది, ఉలిమిరి, మేడి రెండేసి. బూరుగ ఒకటి, మర్రి ఒకటి. ఏ జాతీ నూటికి పది దాటకూడదు. తెగులు ఒక జాతిని పట్టినా తోట బోసిపోదు.

దీనికి మీ కళ్ళముందే ఉన్న ఉదాహరణ వేప. 2021 నుంచి తెలంగాణలో వేపలు కొమ్మల కొనల నుంచి ఎండుతున్నాయి. ఫోమాప్సిస్ అనే బూజు, దానికి తోడు లేత చిగుళ్ళను పీల్చే టీ దోమ. చెట్టు సాధారణంగా చావదు, ఎండాకాలం మళ్ళీ చిగురిస్తుంది. కానీ కొత్తగా వేప పెట్టకండి, ఉన్న రెండూ చాలు.

ఏరుమద్ది, ఉలిమిరి, నేరేడు మీ పల్లపు మూలకు. జమ్మి, మోదుగ, ఆరె, అంకుడు మొరం ఎక్కువున్న చోట. చింత గురించి ఒక మాట: దాని పుట్టుక ఆఫ్రికా. అయినా మన ఊళ్ళలో వందల ఏళ్ళుగా ఉంది, గబ్బిలాలు, చిలకలు దాని మీద బతుకుతున్నాయి. మీ చింత జోలికి పోకండి.

పచ్చతురాయి మన నేల చెట్టు కాదు, పైగా పెద్ద గాలికి కొమ్మ విరిగేది మొదట అదే.

---

గడ్డపార:

పై జాబితా బాగుంది. మర్రితో మాత్రం నాకు పేచీ ఉంది. 55 మీటర్ల చదరంలో మధ్యన ఇల్లు, ఏ మూలన పెట్టినా ముప్పై నలభై ఏళ్ళకు సగం తోట దానిదే. వేళ్ళు పక్కవాళ్ళ ప్రహరీ కిందికీ, మీ సెప్టిక్ ట్యాంకులోకీ పోతాయి. మర్రికి, రావికి ఇంటి నుంచి కనీసం 20 మీటర్లు ఉండాలి, పక్కవాళ్ళ గోడ నుంచీ అంతే. 30 గుంటల్లో అది కుదరదు. దాని బదులు మూడో మేడి పెట్టండి. మేడికి 10-12 మీటర్లు చాలు, కాయ కాండానికే గుత్తులుగా కాస్తుంది కాబట్టి పిట్టలు దగ్గరగా కనిపిస్తాయి. నేరేడు ఇంటికి 6-7 మీటర్లు, కానుగ 4, అంకుడు, ఆరె 3 మీటర్లు చాలు.

ఇక గుంతల సంగతి. మొక్కలు చచ్చేది జాతి తప్పై కాదు, గుంత తప్పై.

ముందు ఒక పరీక్ష. రెండడుగుల గుంత తీసి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకాక రెండోసారి పోయండి. రెండోసారి పోసినవి గంటలోపే మాయమైతే మట్టి నీటిని నిలుపుకోవడం లేదన్నమాట. 24 గంటలకూ నిలిచి ఉంటే అక్కడ ఎత్తు దిబ్బ మీదే నాటాలి. మీ ఈశాన్యం మూల అలాగే తేలుతుంది. అక్కడ గుంత తీయకండి, అడుగు ఎత్తు, నాలుగైదు అడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటండి. ఏరుమద్ది కూడా పెద్దయ్యాకే నీళ్ళను తట్టుకుంటుంది, అడుగు మొక్కగా ఉన్నప్పుడు మూడు వారాలు మునిగితే కుళ్ళిపోతుంది.

మిగతా చోట్ల చెట్టుకు 60 సెంటీమీటర్ల గుంత, పొదకు 45. ఏప్రిల్, మేలో తీసి ఎండకు వదిలేయండి. పైమట్టి ఒక పక్క, మొరం ఇంకో పక్క పోయాలి. గుంత అడుగున గడ్డపారతో మరో అడుగు పొడవండి, జేసీబీ నునుపుగా చెక్కిన గోడలను కూడా గీరాలి. లేకపోతే వేరు కుండీలో తిరిగినట్టు గుంతలోనే గుండ్రంగా తిరుగుతుంది. మోదుగ, జమ్మి బతుకంతా తల్లివేరు మీదే, వాటికి ఇది మరీ ముఖ్యం.

పూడ్చేటప్పుడు పైమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు 10 కిలోలు, వేపపిండి పావుకిలో. ఎర్రనేలకు చెరువు మట్టి మంచిదని గుంత నిండా అదే పోస్తుంటారు. చుట్టూ మొరం, నడుమ జిగట మట్టి అయితే వానకు అది తొట్టి అయిపోతుంది, వేరు కుళ్ళుతుంది. నాలుగో వంతుకు మించి కలపకండి. పచ్చిపేడ వేస్తే చెదలు, వేరుపురుగు రెండూ వస్తాయి.

మొక్క కొనేటప్పుడు పదడుగులది చూసి మురిసిపోవద్దు. చిన్న కవరులో రెండు మూడేళ్ళు నిలిచిన మొక్క వేరు అడుగున చుట్ట చుట్టుకుని ఉంటుంది. నాటాక రెండేళ్ళు బాగానే ఉండి, మూడో ఏడు గాలికి వేళ్ళతో సహా ఒరిగిపోతుంది. రెండు నుంచి నాలుగడుగులది, కాండం దృఢంగా ఉన్నది తీసుకోండి. నాటే ముందు కవరు అడుగున అంగుళం మేర కత్తితో కోసేసి, మట్టిగడ్డ పక్కల మూడు చోట్ల నిలువు గాట్లు పెట్టండి. కవరు మొత్తం తీసేయాలి, కిందది కోసి పైది వదిలేసే కూలీలు ఉంటారు, దగ్గరుండి చూసుకోండి. మొక్క మెడ, అంటే వేరూ కాండం కలిసే చోటు, నేల మట్టానికి కిందికి పోకూడదు. గుంత మట్టి మొదటి వానకు రెండంగుళాలు దిగుతుంది కాబట్టి ఆ మేరకు ఎత్తుగా నాటండి.

---

చెల్కతోట:

ఇద్దరికీ ధన్యవాదాలు. మర్రి తీసేశాను, మేడి మూడు. మరికొన్ని సందేహాలు.

1. సర్కారు తుమ్మ, కోనోకార్పస్ జేసీబీ పెట్టి ఒకేసారి తీసేయనా?
2. కంచెకు పొదలు పెంచితే పాములు చేరతాయని ఇంట్లో గొడవ.
3. తంగేడు కావాలని ఒక నర్సరీలో అడిగితే ఆరడుగుల చెట్టు ఇచ్చారు. తంగేడు అంత ఎత్తు పెరుగుతుందా?
4. కరెంటు లైను కింద ఏం పెట్టాలి?

---

విత్తనాలమూట:

మూడో దానికి నేను చెప్తాను. మీకిచ్చింది సీమతంగేడు. అది ఆగ్నేయాసియా నుంచి వచ్చిన చెట్టు, రోడ్ల పక్కన ఉంటుంది. బతుకమ్మకు పేర్చే తంగేడు పొద, మహా అయితే మనిషెత్తు. రెండింటికీ పసుపు పూలే, ఆకూ చూడగానే ఒకేలా అనిపిస్తుంది. తంగేడుకు ఆకుకాడ మొదట్లో చెవి ఆకారంలో గుండ్రటి చిన్న ఆకులు అంటుకుని ఉంటాయి, సీమతంగేడుకు అలా ఉండవు. నర్సరీలో ముందు అదే చూడండి.

ఇలాంటి పేర్ల గందరగోళం ఇంకా ఉంది. బూరుగ అడిగితే తెల్లబూరుగ ఇస్తారు. అది పరుపుల దూది చెట్టు, పూలు మీగడ రంగు, మన దేశపుది కాదు. మీకు కావాల్సింది ఎర్రపూల ముళ్ళబూరుగ. అశోక అని అమ్మేది నిటారుగా పెరిగే నరమామిడి, అసలు అశోకం వేరే, దానికి మీ మొరం నేల పడదు కూడా. మారేడు, వెలగ ఆకుతోనే తేలిపోతాయి: మారేడుకు మూడాకులు, వెలగకు ఐదు ఏడు చిన్నాకులు, నలిపితే సోంపు వాసన.

అంకుడు, ఆరె, ఉలిమిరి, ఆదొండ మామూలు నర్సరీల్లో దొరకడం కష్టం. అటవీశాఖ నర్సరీల్లో అడగండి, ముందే చెప్తే కొన్నిచోట్ల పెంచి ఇస్తారు. లేదంటే విత్తనం ఏరుకుని మీరే మొలిపించుకోవచ్చు, కష్టమేం కాదు. కాకపోతే ఏ విత్తనానికి ఏ మర్యాద చేయాలో తెలియాలి.

తంగేడు, తుమ్మ గింజలకు పెంకు గట్టి. నీళ్ళు మరిగించి పొయ్యి మీంచి దించి, ఐదు నిమిషాలాగి గింజలు వేయండి. రాత్రంతా అందులోనే ఉండాలి. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివి మళ్ళీ అలాగే చేయండి. మరుగుతుండగానే వేస్తే ఉడికిపోతాయి. రేల గింజకు ఇది కూడా చాలదు. గరుకు కాగితం మీద ఒక పక్క తెల్లటి పొర కనపడేదాకా రుద్ది ఒక రోజు నానబెట్టాలి. మొలక వచ్చే మొన వైపు రుద్దకూడదు.

దీనికి పూర్తిగా ఎదురు నేరేడు, ఇప్ప, వేప. వీటిని ఎండబెట్టి డబ్బాలో దాచారో, పోయినట్టే. గుజ్జు కడిగేసి నీడన ఆరబెట్టి పది పదిహేను రోజుల్లోపు విత్తేయాలి. మోదుగకు ఒక్కో కాయలో ఒక్కటే గింజ, కాయ చివరన ఉంటుంది. రెక్క కత్తిరించి గింజను పడుకోబెట్టి విత్తండి, పొడుగు కవర్లలోనే, ఎందుకంటే తల్లివేరు నెలకే అడుగు తాకుతుంది. వావిలి గింజతో పని లేదు, పెన్సిలు లావు కొమ్మ జానెడు ముక్క జూలైలో గుచ్చితే చాలు.

మేడి మొక్క కోసం ఎక్కువ తిరగకండి. పాత బావుల గట్ల మీద, గోడల సందుల్లో పిట్టలు వేసిన మొలకలు వానాకాలం ఉంటాయి. గోడ తడిసి ఉన్నప్పుడు మెల్లగా లాగి కవరులో పెట్టి నెల రోజులు నీడన ఉంచండి. పెద్ద ఆకులు సగానికి కత్తిరిస్తే తొందరగా నాటుకుంటుంది.

---

ఆదొండతీగ:

నాలుగు, రెండు ప్రశ్నలకు జవాబు, సీతాకోకల సంగతీ కలిపి.

చెట్ల గురించి అందరూ రాశారు కానీ పిట్టలు గూడు పెట్టేది ఎక్కువగా పొదల్లో. పికిలిపిట్ట గూడు నడుమెత్తులో ఉంటుంది. అడుగు నుంచి పది అడుగుల దాకా ముళ్ళు, ఆకు దట్టంగా ఉంటేనే కాకి, పిల్లి నుంచి దానికి దాపు. చెట్టు కింద నున్నగా ఊడ్చిన పార్కుల్లో కాకులు, పావురాలు తప్ప ఏమీ ఉండకపోవడానికి ఇదే కారణం.

కంచెకు వాక్కాయను మించింది లేదు. ముల్లు రెండుగా చీలి ఉంటుంది, మేక దూరదు, పండు మనకూ పిట్టకూ పనికొస్తుంది. రెండు వరుసలు, మొక్కకూ మొక్కకూ 75 సెంటీమీటర్లు, వరుసకూ వరుసకూ అడుగున్నర, ఒకదాని సందుకు ఎదురుగా ఇంకోటి. ఉత్తరం, పడమర రెండు పక్కలకు 110 మీటర్లు, అంటే సుమారు 300 మొక్కలు. మొదటి ఏడాది అడుగు కూడా పెరగదు, నిరుత్సాహపడొద్దు. రెండో ఏడాది మోకాలెత్తులో కొన కత్తిరిస్తే పక్కకొమ్మలు వస్తాయి. అప్పుడు కత్తిరించకపోతే పైన గుబురు, కింద ఖాళీ, మేకలు కిందనుంచే వస్తాయి. మూడేళ్ళకు కంచె అవుతుంది. అప్పటిదాకా బయట ముళ్ళకంప తప్పదు. మీ సర్కారు తుమ్మ కొట్టిన కంప దీనికి పనికొస్తుంది. కాయలున్న కొమ్మలు మాత్రం వాడొద్దు, గింజలు రాలి మళ్ళీ అదే మొలుస్తుంది.

కరెంటు లైను కింద తంగేడు, వావిలి, ముళ్ళగోరింట, గువ్వదడ. ఏదీ లైను దాకా పోదు. వావిలి ఎత్తెక్కినా నరికితే మళ్ళీ చిగురిస్తుంది, మేకలూ ముట్టవు. తంగేడుకు పాదు కట్టి వారంవారం నీళ్ళు పోస్తే వేరు కుళ్ళి చస్తుంది. దాన్ని మొదటి ఎండాకాలం ఒక్కటి గట్టెక్కించి ఇక మరిచిపోవాలి.

సీతాకోకలకు తేనె పువ్వు ఒక్కటే చాలదు, గుడ్లు పెట్టే ఆకు కావాలి. ఒక్కో జాతిది ఒక్కో మొక్క. ఎమిగ్రెంట్ అనే లేత పసుపు సీతాకోకలకు తంగేడు, రేల. నలుపు మీద పసుపు మచ్చల నిమ్మ సీతాకోకకు మారేడు, వెలగ, నిమ్మ. మార్మన్ అనే సీతాకోకకు కరివేపాకు. నారింజ రంగు ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు, దాన్ని మాత్రం మూలన రెండు మూడు పొదలు ఉండనివ్వండి, పీకేయకండి. ఎర్రటి ఒళ్ళున్న క్రిమ్సన్ రోజ్‌కు ఈశ్వరి తీగ. ఇది విషపు మొక్క, చిన్నపిల్లలు ఆడే చోట వద్దు. తెల్ల సీతాకోకలు చాలావాటికి ఆదొండ, ఉలిమిరి.

అంటే ఏటా వానాకాలం రేలచెట్టు ఆకంతా గొంగళ్ళు తినేస్తాయి. అది తెగులు కాదు, మీరు పిలిచిన చుట్టాలే. రెండు మూడు వారాల్లో మళ్ళీ చిగురు వస్తుంది. మందు కొడితే సీతాకోక పోతుంది, గొంగళ్ళు ఏరుకుని పిల్లలకు పెట్టే పిట్టా పోతుంది. కానుగ ఆకు మీద బుడిపెలు వచ్చినా అంతే, కంటికి ఆనని నల్లి పని, చెట్టుకేం కాదు.

ఇంకో చిట్కా: ఖాళీ నేలలో పచ్చిరొట్టగా జనుము చల్లండి. దున్నేటప్పుడు ఒక మూల పది పదిహేను మొక్కలు వదిలేసి ఎండనివ్వండి. టైగర్ జాతి మగ సీతాకోకలు ఎండిన కాడల మీద గుంపులుగా వాలతాయి. ఆ రసం వాటికి జత కట్టడానికి కావాలి.

పాముల మాటకొస్తే, పాము వచ్చేది ఎలుక కోసం. పొదలు, ఆకుచెత్త, కట్టెల కుప్పలు ఇంటి గోడకు 5 మీటర్ల అవతల ఉంచండి. ఇంటి చుట్టూ ఆ పట్టీని చదునుగా, కనపడేట్టు పెట్టుకోండి. ధాన్యం, కుక్కల తిండి బయట పెట్టకండి. మిగతా తోటలో ఆకు ఊడ్వనక్కర్లేదు.

---

మోదుగుబాట:

మొదటి ప్రశ్న మిగిలింది. ఒకేసారి తీసేయొద్దు. సర్కారు తుమ్మ పరాయి మొక్కే, కానీ ఇవాళ మీ స్థలంలో పిట్టల గూటికి దాపు ఇచ్చే పొద అదొక్కటే. మూడు ముక్కలుగా చేసి ఏడాదికి ఒకటి తీయండి, తీసిన చోట ఆ వానకే మన మొక్కలు పడాలి. నేల మట్టానికి నరికితే ఒకటికి పది చిగుళ్ళు వస్తాయి. మొద్దు మెడ దగ్గర మట్టి కిందే మొగ్గలుంటాయి, అందుకని అడుగు లోతు దాకా తవ్వి వేరుతో సహా లాగాలి. జేసీబీ వాడినా డ్రైవరుకు ఈ మాట చెప్పండి, లేకపోతే పైపైన దొర్లించి పోతాడు. తర్వాత రెండు వానాకాలాలు మొలకలు చేత్తో పీకుతూనే ఉండాలి.

కోనోకార్పస్ మాత్రం మొదటి ఏడాదే పూర్తిగా తీసేయొచ్చు. దాని మీద పిట్టకు తిండి లేదు. గుజరాత్ అటవీశాఖ 2023లో దీన్ని నాటడమే నిషేధించింది. వేళ్ళు పైపులను, కేబుళ్ళను పాడుచేస్తాయన్నది ఒక కారణం, పుప్పొడితో జలుబు, ఉబ్బసం లాంటివి పెరుగుతాయన్నది ఇంకోటి. రోడ్డు దుమ్ముకు తెర కావాలంటే అదే వరుసలో కానుగ, వావిలి కలిపి పెట్టండి. నాలుగేళ్ళు పడుతుంది, అప్పటిదాకా గ్రీన్ నెట్ కట్టుకోవాలి.

మీ వేపల్లో ఎండిన లావు కొమ్మ ఏదైనా ఉంటే, ఇంటి మీద, దారి మీద పడేది కాకపోతే ఉంచేయండి. కంసాలిపిట్ట తొర్ర తొలిచేది ఎండిన మెత్తటి కొమ్మలోనే. పాలపిట్ట, చిలక, గోరింక కూడా తొర్రల్లోనే పిల్లల్ని పెడతాయి. కొత్తగా నాటిన చెట్టుకు తొర్ర రావాలంటే దశాబ్దాలు పడుతుంది.

---

కోస్తాగాలి:

మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. మాది భీమిలి దగ్గర, సముద్రానికి కిలోమీటరు లోపు, ఇసుక నేల. ఈ జాబితా మాకు పనికొస్తుందా అండీ? మా వైపు హుద్‌హుద్ తుపాను తర్వాత ఏడాకులపాల బాగా నాటారు. అది కూడా మన దేశపు చెట్టే కదా?

---

మోదుగుబాట:

సగం పనికొస్తుంది. కానుగ, నేరేడు, వాక్కాయ, వావిలి మీ దగ్గరా బాగుంటాయి. మోదుగ, అంకుడు బదులు పొన్న, గంగరావి, తాటి, ఈత పెట్టుకోండి. ఉప్పుగాలికి మొదటి వరుస పొన్న, గంగరావి, పొదల్లో మొగలి. ఈతకు, తాటికి గిజిగాడు గూళ్ళు కడుతుంది. సరుగుడు గాలిని ఆపుతుంది కానీ దాని కింద ఇంకేమీ మొలవనివ్వదు, ఆకు మందంగా పరుచుకుంటుంది.

ఏడాకులపాల మన దేశపుదే, తేమ ఉన్న అడవి చెట్టు. అడవిలో నాలుగు ఉన్నప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. విశాఖలో 2014 తుపాను తర్వాత వీధుల వెంట విపరీతంగా పెట్టేసరికి అన్నీ కలిసి పూసే కాలంలో ఆ ఘాటు భరించలేక జనం ఫిర్యాదులు చేశారు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు మరీ కష్టం. స్వదేశీ అన్న ముద్ర ఒక్కటే చూసుకుంటే ఇలాగే అవుతుంది. మీ తోటలో ఒకటి ఉంటే ఉండనివ్వండి, వరుసగా పెట్టకండి.

---

చెల్కతోట:

చివరిగా నీళ్ళు, సమయం. మొదటి వాన పడగానే నాటేయనా? ఇంచు బోరుతో 40 చెట్లు, 300 వాక్కాయలు నిలుస్తాయా?

---

గడ్డపార:

మొదటి వానకు నాటకండి. జూన్‌లో రెండు జల్లులు పడి, తర్వాత పదిహేను రోజులు ఎండ కాస్తే అన్నీ వాడిపోతాయి. గుంత పక్కన గడ్డపార దింపి చూడండి. మోచేతి లోతు దాకా మట్టి చేతికి ముద్ద కడితే నాటొచ్చు. మీ వైపు సాధారణంగా జూన్ చివర నుంచి జూలై నడుమ అలా ఉంటుంది. ఆగస్టు దాటితే వేరు దిగేలోపు వానలు వెనక్కి పోతాయి.

నీళ్ళు నిలుస్తాయి. వానల మధ్య ఎడం వస్తే నాలుగు రోజులకోసారి చెట్టుకు 10 లీటర్లు. నవంబరు నుంచి మళ్ళీ వాన దాకా వారానికి 20 లీటర్లు, అంటే 40 చెట్లకు 800 లీటర్లు, ఒక చిన్న ట్యాంకు. డ్రిప్ వేస్తే మొక్కకు గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు, వారానికి ఒక్కసారి రెండున్నర గంటలు. రోజూ అరగంట వదిలితే తడి పైనే ఉంటుంది, వేరు కూడా పైకే వస్తుంది, బోరు ఎండిన మే నెలలో చెట్టు తట్టుకోలేదు. డ్రిప్పర్లు మొదటి ఏడు కాండానికి అడుగు దూరం, రెండో ఏడు రెండడుగులకు జరపండి. రెండో ఏడాది పదిహేను రోజులకోసారి 40 లీటర్లు. మూడో ఏడాది ఏరుమద్ది, నేరేడుకు తప్ప మిగతావాటికి ఆపేయొచ్చు. వాక్కాయలకు మొదటి ఎండాకాలం వారానికి 5 లీటర్లు చాలు, రెండో ఏడు ఇంకా తగ్గించండి.

పాదులో ఎండుటాకు నాలుగంగుళాల మందం పరవండి, కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి. ఆనించి పరిస్తే ఎర్రనేలలో చెదలు బెరడు మీదికి ఎక్కుతాయి. మట్టిపూత కనిపిస్తే గీరేసి నీళ్ళు పట్టండి. దాహంతో ఉన్న మొక్కనే చెదలు ముందు పడతాయి.

ఇంకోటి మర్చిపోయా. మీ స్థలం పక్కన బీడు ఉందా? ఉంటే జనవరి దాటకముందే గట్టు వెంట 3 మీటర్ల వెడల్పున గడ్డి కోసి నేల బయటపెట్టండి. ఫిబ్రవరి, మార్చిలో ఎవరో బీడీ పడేస్తే మంట వస్తుంది. మొదటి మూడేళ్ళలో మంట వచ్చిందంటే తంగేడు, మోదుగ అడుగు నుంచి మళ్ళీ చిగురుస్తాయి కానీ మిగతా లేత మొక్కల్లో కొన్ని తిరిగి లేవవు.